చిలకపచ్చలో పదకొండు ఇళ్ళు

ఆ ఇంట్లో ఆమెను కన్నవాళ్ళు పెట్టిన పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో మరిది ‘వదినా’ అన్నాడు. ఆ పిలుపు మెట్లు దిగి వీధిలో పడింది. మందుల షాపతనూ వదినా అన్నాడు, కింది వాటాలో ఉండే రిటైరైన మాస్టారు, ఆమెకన్నా ఇరవై ఏళ్ళు పెద్దాయన, ఆయనా వదినా అన్నాడు. ఆఖరికి కట్టుకున్నవాడు కూడా హుషారుగా ఉన్న రోజున ‘వదినగారూ, టీ సంగతేమిటి?’ అని అడిగేవాడు. ఒక్క తోడికోడలు మాత్రమే ‘అక్కా’ అనేది.

వదిన కాలు నిలవని మనిషి. ఆమె కూర్చుని టీ తాగగా చూసినవాళ్ళు లేరు. సగం తాగిన కప్పు ఒకటి కిటికీ మీద, ఇంకొకటి ఫ్రిజ్ మీద, మూడోది బాల్కనీలో ఎండబెట్టిన బట్టల పక్కన కనిపించేది. బీరువా తలుపు ఎప్పుడూ జానెడు తెరిచే ఉండేది. ‘మూస్తే మళ్ళీ తియ్యాలి కదా’ అనేది, అదేదో పెద్ద న్యాయం అయినట్టు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి విసురుగా వెళ్ళి, ఎందుకు వచ్చిందో మరిచిపోయి, చేతికందినది సర్ది, తిరిగి వచ్చేది.

అలాంటి మనిషికి దొరికిన పని కుర్చీకి అతుక్కుని చేసేది. ఆస్పత్రుల్లో డాక్టర్లు రోగిని చూశాక, ఏం చూశారో ఏం మందు రాశారో రికార్డులో చెప్పి పంపుతారు. అది విని, పొల్లు పోకుండా టైపు చేసి పంపాలి. పదమూడేళ్ళుగా వదిన అదే చేస్తోంది. చెవులకు హెడ్‌ఫోన్, కాలి కింద ఒక పెడల్. నొక్కితే డాక్టరు గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. ‘ఆ కాలికి దేవుడిచ్చిన ఉద్యోగం’ అని భర్త నవ్వేవాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. ఎక్కడం, దిగడం, మధ్యలో ఆగిపోవడం గురించి ఆయనకు ఖచ్చితమైన అభిప్రాయాలుండేవి.

కంప్యూటరు తెర మీద కూడా వదిన అదే వదిన. ఒక డాక్టరు మందు పేరు సగం పలికి సగం మింగేస్తాడు. అది ఏ మందో తేల్చుకోవడానికి ఒక పేజీ తెరుస్తుంది. అందులో అనుమానం వచ్చి ఇంకోటి. నరం పేరు సరిచూసుకోవడానికి మూడోది. తెరిచిన ప్రతి పేజీకీ బ్రౌజరు పైన ఒక ట్యాబ్ నిలబడుతుంది కదా, మధ్యాహ్నానికి వదిన ట్యాబ్‌లు ఒకదాన్నొకటి నొక్కుకుని, పేర్లు కనపడక, గోళ్ళంత సన్నగా అయ్యేవి. ఒక్కటీ మూసేది కాదు. రేపు పనికొస్తుందేమో. పనికొచ్చే వేళకు ఆ పేజీ మళ్ళీ దొరకకపోతే?

చిక్కేమిటంటే, ఆ కంప్యూటరు ఆమె ఒక్కదానిదే కాదు. రెండు పడకగదులు: ఒకదాంట్లో వదిన, భర్త, కూతురు, రెండోదాంట్లో మరిదివాళ్ళు. ఒక హాలు, గదుల మధ్య నడవా. నడవాలో గోడవారగా బల్ల, బల్ల మీద అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్న కంప్యూటరు. పొద్దున్నుంచి రెండింటిదాకా వదిన వంతు. రెండు నుంచి ఆరు దాకా తోడికోడలి వంతు.

తోడికోడల్ని చిట్టి అనేవారు. ముప్ఫై ఆరేళ్ళ మనిషి, ఇంట్లో అందరికన్నా పొడుగు. వంటింటి గుమ్మం దగ్గర తల వంచాలి. అయినా చిట్టే. పొద్దున ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని రోగుల పేర్లు రాసుకునేది. మధ్యాహ్నం ఇంటికొచ్చి, కిటికీలకూ తలుపులకూ తెరలు కుట్టేది. ఇళ్ళవాళ్ళూ ఆఫీసులవాళ్ళూ కొలతలు పంపితే, గుడ్డల నమూనాలు కంప్యూటర్లో వెతికి చూపించి, నచ్చినది తెప్పించి, తన గదిలోని మిషను మీద కుట్టి ఇచ్చేది. ఆ గదిలోనే ఆమె, ఆమె భర్త, తొమ్మిదేళ్ళ పాప, గుడ్డల తానులు.

గొడవ ఒక మంగళవారం జరిగింది.

ఆ పూట వదినకు ఒకే ఒక్క మాట మూడు గంటలు తినేసింది. గొణుగుడు డాక్టరని ఆమె పేరు పెట్టుకున్న ఒకాయన, ఆపరేషన్లో వాడిన పరికరం పేరు చెప్పి, చెబుతూనే దగ్గాడు. వెతికి వెతికి, నాలుగైదు పేజీలు ఎదురెదురుగా పెట్టుకుని, దాదాపు పట్టుకుంది. ఈలోగా రెండయింది. సరే, రేపు పొద్దున్న చూద్దామని లేచింది.

చిట్టి కూర్చునేసరికి కంప్యూటరు ఆయాసపడుతోంది. మౌసు కదిపితే రెండు నిమిషాలకు బాణం గుర్తు కదులుతోంది. ఒక ఆఫీసువాళ్ళు పద్నాలుగు కిటికీలకు నమూనాలు మూడింటిలోపు పంపమన్నారు. చిట్టి వదిన ట్యాబ్‌లున్న విండోను మొత్తంగా మూసేసింది. అన్నీ మూయనా అని అడిగితే, మూయమని నొక్కింది.

వదినకు ఆ సంగతి సాయంత్రం తెలిసింది.

“మూసేశావా?”

“తెర బిగుసుకుపోయిందక్కా. ఏం చెయ్యమంటావు?”

“పిలవచ్చుగా! ఇక్కడే వంటింట్లోనే ఉన్నాను కదే!”

“పిలిచాను. వంటింట్లో లేవు, బాల్కనీలో ఉన్నావు. బాల్కనీకొస్తే మెట్ల మీద మాస్టారితో మాట్లాడుతున్నావు. నిన్ను పట్టుకునేసరికి నా పుణ్యకాలం కాస్తా అయిపోయింది.”

“నలభయ్యారు పేజీలు చిట్టీ! మూడు గంటలు కళ్ళు కాయలు కాసేలా వెతికాను!”

“ఒక మనిషికి నలభయ్యారెందుకక్కా?”

ఆ ప్రశ్న మామూలుగానే అడిగింది. కానీ వదినకు ఒళ్ళు మండింది. “ఈ ఇంట్లో నాదంటూ ఒక మూల లేకుండా పోయింది” అనేసింది. నోరు జారిందని అంటున్నప్పుడే తెలుసు. చిట్టి ముఖం ముడుచుకుని లోపలికెళ్ళింది. కాసేపటికి మిషను చప్పుడు మొదలైంది, మామూలుకన్నా గట్టిగా.

మరిది వచ్చి, హిస్టరీలో వెతికితే అన్నీ దొరుకుతాయన్నాడు. దొరికాయి. పదిహేను రోజులవి, చిట్టి తెరల గుడ్డలతో కలగాపులగంగా, ఏది ఎందుకు తెరిచిందో తెలియకుండా. వదిన తలపట్టుకుంది. మర్నాడు మళ్ళీ మొదటినుంచి వెతికింది.

రెండ్రోజులు ఇద్దరి మధ్యా మాటలు లేవు. మూడోరోజు చిట్టి క్లినిక్ నుంచి వచ్చి, చెప్పులు విడిచి, తిన్నగా నడవాలోకి వచ్చింది.

“అక్కా, లే. ఒకటి చూపిస్తాను.”

“నా వంతు ఇంకా పది నిమిషాలుంది.”

“నీ వంతులోనే చూపిస్తాలే. మా క్లినిక్‌లో ఒకే కంప్యూటరు మీద పొద్దున నేను, సాయంత్రం ఇంకో అమ్మాయి. ఆ అమ్మాయి ఇది పెట్టింది. బ్రౌజరుకి తగిలించుకునే ఎక్స్‌టెన్షన్.” చెబుతూనే ఏవో రెండు నొక్కులు నొక్కింది. తెర పైన కుడిమూల చిన్న బొమ్మ ఒకటి పుట్టింది. “దాని మీద నొక్కు. సేవ్ అను. ఇప్పుడు పేరు పెట్టు.”

“దేనికి పేరు?”

“ఈ మొత్తానికి. ఇవాళ ఎన్ని తెరిచావు, ముప్ఫై రెండా? ముప్ఫై రెంటికీ కలిపి ఒక పేరు. దీన్ని సెషన్ అంటారు.”

వదిన ‘గొణుగుడు’ అని టైపు చేసింది.

“ఇప్పుడు మూసెయ్.”

“అన్నీనా?”

“అన్నీ. మూసెయ్యక్కా, ఏం కాదు.”

వదిన చెయ్యి మౌసు మీద బిగుసుకుంది. కళ్ళు మూసుకున్నంత పని చేసి నొక్కింది. తెర తెల్లబోయింది. చిట్టి చెయ్యి చాపి, ఆ బొమ్మ నొక్కి, ‘గొణుగుడు’ మీద నొక్కింది. ముప్ఫై రెండూ, బడిగంట కొట్టగానే వరసలో నిలబడ్డ పిల్లల్లా, ఎక్కడివక్కడ వచ్చి నిలబడ్డాయి.

“ఓసి దీని దుంపతెగ” అంది వదిన. తోడికోడళ్ళిద్దరూ మూడ్రోజుల తరువాత నవ్వారు.

ఆ వారమంతా వదినకు అదే లోకం. ఆదివారం పొద్దున కూర్చుని, కూతురు ‘అమ్మా, ఇవాళ సెలవు’ అంటున్నా వినకుండా, ఒక్కో పేజీనీ ఒక్కో పేరు కిందికి లాగి పడేసింది. గుండె. ఎముకలు. కళ్ళు. చంటిపిల్లలు. గొణుగుడు డాక్టరుకు విడిగా ఒకటి, ఉరుకుల డాక్టరుకు ఒకటి. ఏ గూటిలోనూ ఇమడని వాటికి ‘తరువాత చూడాలి’ అని ఒకటి. అందులో నూట పన్నెండు చేరాయి. కింద చిట్టి పెట్టుకున్న పేర్లు: ఆఫీసు కిటికీలు, స్నానాలగది, నీలాలు, పట్టులాంటివి. వదిన పేర్లు చూసి చిట్టి నవ్వేది, చిట్టి పేర్లు చూసి వదిన నవ్వేది. రెండింటికి కుర్చీ చేతులు మారేటప్పుడు చిట్టి టీ పట్టుకొచ్చేది. ఆ నాలుగైదు నెలల్లో నడవాలో ఒక్క గట్టి మాట వినపడలేదు.

అప్పుడు వచ్చింది ఆ గురువారం.

ముందురోజు సాయంత్రం చిట్టి అంది: “అక్కా, ఆకుపచ్చలు కొన్ని తీసి పెట్టాను. రేపు వీలైతే చూసి ఏది బాగుందో చెబుతావా? ఒకావిడ పెళ్ళికూతురి గదికట, తెగ నసపెడుతోంది.”

పొద్దున పదింటికి వదిన ఒక రికార్డు పూర్తిచేసి, చిట్టి మాట గుర్తొచ్చి, జాబితా తెరిచింది. ‘ఆకుపచ్చ’ ఒకటుంది. దాని కిందే ‘చిలకపచ్చ’ ఇంకొకటి. అదీ ఆకుపచ్చల్లోదే అనుకుని కింది దాని మీద నొక్కింది.

గుడ్డలు రాలేదు. ఇళ్ళు వచ్చాయి.

పదకొండు ట్యాబ్‌లు, పదకొండు ఇళ్ళు. అన్నీ అద్దెవి. ఒకే పడకగదివి కొన్ని, రెండున్నవి కొన్ని. ఒకటి మరిది పనిచేసే బస్సు డిపో పక్కన. ఒకటి పాప బడి వెనక వీధిలో. ఖాళీ గదుల ఫోటోలు, ఖాళీ వంటిళ్ళు, ఎవరో ఖాళీ చేసి వెళ్ళిన గోడల మీద మేకుల గుర్తులు. వదిన ఒక్కో ట్యాబూ చూసింది. ఏడోది చూస్తుంటే తన కాలు పెడల్ని నొక్కుతోందని, చెవుల్లో ఎవరో డాక్టరు ఎవరిదో రక్తపోటు చెబుతున్నాడని తెలిసింది. కాలు తీసింది. అన్నీ మూసింది. ‘ఆకుపచ్చ’ తెరిచి, మూడో గుడ్డ బాగుందని ఒక కాగితం మీద రాసి బల్ల మీద పెట్టింది.

ఆ పూట బాల్కనీలోకి ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు.

అడిగేస్తే పోయేది. వదినకు అడగడం చేతకాక కాదు. అసలు ఆమె నోట్లో ఏ ప్రశ్నా ఒక పూట నిలవదు. కానీ ఇది గొంతు దాటి రాలేదు. అడిగితే చిట్టి అవునంటుంది. అవునన్నాక ఇక వెళ్ళడమే. అడగనంతసేపూ అవి ఒట్టి పేజీలు.

మర్నాటి నుంచి కొత్త అలవాటు పట్టుకుంది. పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే, పని మొదలెట్టకముందే, జాబితా తెరిచి చూసేది. ప్రతి పేరు పక్కనా అందులో ఎన్ని పేజీలున్నాయో, ఎప్పుడు మార్చారో కనపడుతుంది. చిలకపచ్చ, పదకొండు. మర్నాడు పదమూడు. ఆదివారం తరువాత తొమ్మిది. తొమ్మిదైనప్పుడు ఊపిరి పీల్చుకుంది. బుధవారానికి మళ్ళీ పన్నెండు. ‘నిన్న, అయిదూ నలభై’ అని ఉంది. నిన్న అయిదూ నలభైకి చిట్టి ఇదే కుర్చీలోంచి తల తిప్పి, క్లినిక్‌కి వచ్చిన ఒక ముసలాయన సంగతి చెప్పి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వించింది. ఆ నవ్వుకు ముందు నొక్కిందా, తరువాత నొక్కిందా?

భర్తను కదిపి చూసింది.

“మీ తమ్ముడు మీతో ఏమైనా అన్నాడా?”

“దేని గురించి?”

“ఏం లేదు. ఊరికే.”

“నువ్వు ఊరికే ఏదీ అడగవే” అని ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

వంటింట్లో నలుగురు నవ్వుకుంటుంటే వదిన చెవి మాటల వెనక మాటల్ని వెతికేది. చిట్టి పాత డబ్బాలు సర్దితే, మూటలు కడుతోందా అని చూసేది. పాప వచ్చి ‘పెద్దమ్మా, నాకు లెక్క రాలేదు’ అంటే, రెండు లెక్కలు ఎక్కువ చెప్పించి పంపేది.

ఆ అలజడి పనిలోకి దిగింది. నెల కావస్తుండగా ఒక శుక్రవారం ఫైలు ఒకటి తిరిగొచ్చింది. సరిచూసేవాళ్ళు ఎర్రగా రాశారు: ‘కుడి మోకాలు. ఎడమ కాదు. దయచేసి మళ్ళీ వినండి.’ వదిన మళ్ళీ వింది. గొణుగుడు డాక్టరు కూడా కాదు, అక్షరం అక్షరం విడదీసి చెప్పే మహాతల్లి. కుడి, అని స్పష్టంగా చెప్పింది. పదమూడేళ్ళలో ఇలాంటిది మొదటిసారి. ఎవరిదో మోకాలు, ఎవరో మనిషి, బల్ల మీద పడుకుని ఉంటే... సరిచేసి పంపి, హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. చెప్పులేసుకుంది.

ఎక్కడికెళుతోందో ఆమెకు తెలుసు. పన్నెండింటిలో చిట్టి అన్నిటికన్నా పైకి జరిపి పెట్టుకున్న ఇంటి అడ్రసు ఆమెకు కంఠతా వచ్చేసింది.

రెండు బస్ స్టాపుల దూరం. తాళంచెవుల గుత్తి నడుముకు దోపుకున్న ఇంటావిడ తలుపు తీసింది.

“ఎంతమందండీ ఉండేది?”

“ముగ్గురం” అంది వదిన. నాలుక తనంతట తనే అనేసింది. “నేను, మా ఆయన, పాప. పాపకు తొమ్మిదేళ్ళు.”

“మీరేం చేస్తారు?”

“తెరలు కుడతాను. కిటికీలకి.”

“మంచి పని. అయితే ఇక్కడ మీకు వాటి ఖర్మ లేదులెండి” అని ఇంటావిడ నవ్వుతూ లోపలికి తీసుకెళ్ళింది.

ఆ నవ్వెందుకో లోపలికి వెళ్ళాక తెలిసింది. ఉన్నవి రెండే కిటికీలు. ఒకటి తెరిస్తే చేతికందే దూరంలో పక్కింటి గోడ. రెండోది మెట్లలోకి. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి లైటు వేస్తే గానీ గచ్చు కనపడలేదు. వదిన పంపు తిప్పింది, సింకు కింద వంగి చూసింది, గోడ మీద చెయ్యి ఆనించి చెమ్మ ఉందేమో చూసింది. చూస్తున్నకొద్దీ కోపం పొంగుకొచ్చింది. రంగులు పోల్చుకుని గుడ్డలు కొనే మనిషి ఈ చీకటి కొట్లో మిషను పెట్టుకుంటుందా? నీలం ఏదో నలుపు ఏదో ఎలా తెలుస్తుంది? దీన్ని అన్నిటికన్నా పైన పెట్టుకుందా? ఎవరన్నా చెప్పేవాళ్ళు లేరా దానికి?

వీధి మలుపులో ఉండగా తట్టింది, తను ఇప్పుడు బాధపడుతున్నది చిట్టి వెళ్ళిపోతుందని కాదని. ఎక్కడికి వెళుతుందోనని. బస్సు వచ్చింది. ఎక్కకుండా నడిచింది.

శనివారం, సోమవారం, వదిన పని సగం పక్కన పెట్టి ఇళ్ళు వెతికింది. తన పద్ధతిలోనే. అరవై ట్యాబ్‌లు తెరిచింది. ఏ దిక్కుకు కిటికీలున్నాయి, ఎండ ఎటునుంచి వస్తుంది, నీళ్ళు ఎన్ని గంటలొస్తాయి, మిషను చప్పుడుకు కింది వాటావాళ్ళు కర్రతో పైకప్పు పొడుస్తారా. నలుగురికి ఫోను చేసి అడిగింది. మూడు ఇళ్ళు తన కాళ్ళతో చూసొచ్చింది. మంగళవారం పదకొండింటికి దొరికింది. మూల మీద ఇల్లు, మూడో అంతస్తు. రెండు వైపులా కిటికీలు. పడకగది కాక, ఇంకో చిన్న గది. బడికి పదినిమిషాల నడక.

ఆ ట్యాబును పట్టుకుని ‘చిలకపచ్చ’ మీదికి లాగింది. అక్కడ వేలు ఆగిపోయింది. వదిలితే పన్నెండు పదమూడవుతుంది. పక్కన ‘ఇవాళ, పదకొండూ ఇరవై’ అని పడుతుంది. పదకొండూ ఇరవైకి ఈ కుర్చీలో ఉండేదెవరో చిట్టికి తెలియదా?

వదిలేసింది.

రెండింటికి చిట్టి కూర్చుంది. వదిన వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, నడవాలోని మౌసు నొక్కుళ్ళు వింటోంది. టిక్కు టిక్కు. ఆగింది. చాలాసేపు ఆగింది. ఉల్లిపాయలు ఇంటిల్లిపాదికీ రెండు పూటలకు సరిపడేన్ని అయ్యాయి. మళ్ళీ టిక్కు. చిట్టి సాయంత్రం పాపను పిలిచింది, అన్నం పెట్టింది, మాట్లాడవలసినంతే మాట్లాడింది.

బుధవారం అలాగే గడిచింది. గురువారం చిట్టి క్లినిక్ నుంచి వచ్చి, వంటింటి గుమ్మంలో తల వంచి నిలబడింది.

“నా దాంట్లో చెయ్యి పెట్టావా అక్కా?”

వంకాయలు తరుగుతున్న వదిన కత్తి ఆపింది. “పెట్టాను.”

“ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నావు?”

“నెల దాటింది. నువ్వు ఆకుపచ్చలు చూడమన్నావు చూడు, ఆ రోజు పొరపాటున...”

“పొరపాటున ఒకరోజు. మిగతా రోజులు?”

వదిన ఉన్న ముక్కల్నే మళ్ళీ సన్నగా తరిగింది.

“గుడ్డల పేరు పెడితే నువ్వు చూడవనుకున్నాను. నీకు గుడ్డలంటే చిరాకు కదా. అది నా ఒక్కదానిదక్కా. దాని పక్కన అంకె మారుతుంటే, నువ్వు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నావా?”

“మరి నువ్వు పదకొండు ఇళ్ళు నాకు తెలియకుండా...”

“చెబితే ఊరుకుంటావా నువ్వు? ఆ సాయంత్రానికల్లా కింద మాస్టారు వచ్చి నాకు బుద్ధులు చెబుతాడు, మందుల షాపతను అడ్డుపడి ఎందుకమ్మా అంటాడు. నువ్వు ఇల్లంతా తిరుగుతూ నన్ను ఒప్పించేస్తావు. నేను ఒప్పుకుంటాను కూడా. అందుకే చెప్పలేదు.”

“అంత కష్టం ఏమొచ్చింది ఇక్కడ?”

చిట్టి గుమ్మం లోపలికొచ్చి, గొంతు తగ్గించింది. “పాప మిషను కింద కాళ్ళు పెట్టుకుని పడుకుంటుంది, చూశావుగా. ఎదుగుతోంది. ఆమధ్య దుప్పటి దులుపుతుంటే సూది దొరికింది. విరిగిన సూది. దాని దుప్పటిలో.”

వదిన అక్కడున్న ఎత్తుపీట మీద కూర్చుంది. కత్తి చేతిలోనే ఉంది. చిట్టి ఆ కత్తిని తీసి పక్కన పెట్టింది.

“నాకెందుకు చెప్పలేదే? గది మార్చుకునేవాళ్ళం కదా.”

“ఎవరితో మార్చుకుంటాం అక్కా? నువ్వు హాల్లో పడుకుంటావా?”

“పడుకుంటాను.”

“అదుగో. అందుకే.”

పొయ్యి మీద ఏదో అడుగంటుతున్న వాసన వచ్చింది. వదిన లేవబోయేలోగా చిట్టి ముందు అందుకుని మంట ఆపింది. గిన్నె వైపే చూస్తూ అడిగింది.

“ఆ మూలింటికి పడమటి ఎండ కొడుతుందా?”

“సాయంత్రం గంటసేపు. తెర వేసుకుంటే సరి. కుట్టేది నువ్వేగా.”

“చూసొచ్చావా?”

“రెండుసార్లు.”

“నేను మొదట పెట్టుకున్నది కూడా చూశావా?”

“అది ఇల్లా? గుహ. దాంట్లో ఎలా బతుకుదామనుకున్నావు?”

“డిపో దగ్గరని ఆయన పెట్టించాడు” అని చిట్టి నవ్వబోయింది. గిన్నె దించి సింకులో పెట్టింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన గొంతు సవరించుకుని, చిట్టివాళ్ళు వేరే ఇల్లు చూసుకుంటున్నారని భర్తకు చెప్పింది. ఆయన అన్నం కలుపుతూ, “ఊఁ” అన్నాడు. తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు పళ్ళెం వైపు చూశాడు.

“మీకు తెలుసా?”

“వాడు మూణ్ణెల్ల కిందటే చెప్పాడు. నీకు చెప్పొద్దన్నాను.”

“మీరే అన్నారా!”

“నిద్ర పోవని. ఇంట్లో ఎవర్నీ నిద్ర పోనివ్వవని.” ఆయన తప్పు చేసినవాడిలా కాదు, లిఫ్టు ఎందుకు ఆగిందో వివరిస్తున్నవాడిలా చెప్పాడు. “వాళ్ళు తేల్చుకున్నాక చెబుదామనుకున్నాం.”

కూతురు కూడా తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. దానికీ తెలుసు. ఇల్లంతటికీ తెలుసు. వదిన పళ్ళెం ముందు నుంచి లేచిపోయింది. బాల్కనీలో నిలబడి చాలాసేపు లోపలికి రాలేదు. తను నెలరోజులు ఎవరికీ తెలియకుండా మోసిన బరువును వీళ్ళంతా తనకు తెలియకుండా తలా కాస్తా మోస్తున్నారు. ఏడుపొచ్చిందో కోపమొచ్చిందో తేలలేదు. మరిది వచ్చి పక్కన నిలబడి, “వదినా, ఆ మూలిల్లు బాగుంది. ఫోటోలు చూశాను” అన్నాడు. “ఫోటోల్లో ఏం తెలుస్తుంది? గడియ బిగించాలి దానికి” అంది వదిన.

ఆదివారం తోడికోడళ్ళిద్దరే వెళ్ళారు. ఇంటాయనతో వదిన అన్ని కిటికీలూ తీయించి వేయించింది. ఒకదానికి గడియ పట్టడం లేదు. బిగించి ఇస్తేనే అడ్వాన్సు అంది. చిట్టి చిన్న గది మధ్యలో వెలుతురులో నిలబడి, సంచీలోంచి టేపు తీసి, అలవాటుకొద్దీ కిటికీ వెడల్పు కొలుస్తోంది. కొలిచింది అరచేతి మీద రాసుకుంది. వదిన అది చూసి ముఖం తిప్పుకుని, పంపు బాగుందో లేదో మళ్ళీ చూడటానికి వెళ్ళింది.

నెలాఖరుకు మారారు. కంప్యూటరు మీరే తీసుకోండంటే మీరే ఉంచుకోండని ఇద్దరూ గీచులాడుకుని, చివరికి చిట్టి క్లినిక్‌లో ఎవరిదో పాత లాప్‌టాప్ కొనుక్కుంది. వెళ్ళే ముందురోజు ఎక్స్‌టెన్షన్లోంచి చిట్టి సెషన్లన్నీ ఒక ఫైలుగా తీసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చింది వదినే. ఆఫీసు కిటికీలు, నీలాలు, పట్టులాంటివి, ఒక్కొక్కటే గుర్తు పెట్టి, ఫైలు సరిగ్గా తెరుచుకుంటోందో లేదో రెండుసార్లు చూసింది. తరువాత ఇక్కడి జాబితాలోంచి వాటిని తీసెయ్యాలి. “నేను తీసేస్తాలే” అని చిట్టి కూర్చుని తీసేసింది. ‘చిలకపచ్చ’ను అంతకుముందే తీసేసినట్టుంది, వదినకు కనపడలేదు. ఎప్పుడు తీసిందో అడగలేదు.

ఇప్పుడు రోజంతా కంప్యూటరు వదినదే. గదిలో చిట్టి మంచం ఉన్నచోట కూతురు పుస్తకాలు పరుచుకుంది. పని పెరగలేదు. తప్పులూ మళ్ళీ రాలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి మాత్రం ఒంట్లో ఏదో పీకుతుంది. ఏదో ఒక వంక పెట్టుకుని మూలింటికి నడుస్తుంది. పాతిక నిమిషాల దారి. ఒకరోజు జిగురు కావాలా అని అడగడానికి, ఒకరోజు కత్తెర సాన పట్టించాలా అని. ఫోనులో అడగొచ్చు కదా అని భర్త అంటే, ఫోనులో కత్తెర ఎలా కనపడుతుందంటుంది.

మొన్న వెళ్ళినప్పుడు చిట్టి మిషను మీద వంగి ఉంది. నలుగురు కొత్తవాళ్ళు పని ఇచ్చారట. బల్ల నిండా బూడిదరంగు గుడ్డ. పాప వచ్చి, “పెద్దమ్మా, రా, నా కిటికీ చూడు, మా బడి కనపడుతుంది” అని చెయ్యి పట్టుకు లాగింది. నిజంగానే, రెండు మేడల సందులోంచి బడి గేటు ఓ వేలెడంత కనపడుతోంది. వదిన కాసేపు చూసింది. ఇద్దరూ ఆ వీధిలో ఎవరెవరు నడుస్తున్నారో చెప్పుకున్నారు. చిట్టి టీ పెట్టింది. కుర్చీ చూపించింది. వదిన నిలబడే సగం తాగింది.

“ఇంకాసేపు ఉండక్కా. ఈ అంచు కుట్టేస్తే నాకూ తీరుతుంది.”

“లేదే. పనుంది ఇంటి దగ్గర.”

“ఏం పని?”

“ఉందిలే” అని వదిన చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. పనేమీ లేదు. మెట్లు దిగి, వీధి చివర బస్సు కోసం రెండు నిమిషాలు నిలబడింది. బస్సు కనపడలేదు. దగ్గరి దారి వదిలి, చుట్టు దారి పట్టి, చేతులు ఊపుకుంటూ నడిచింది.